ఇరవై రెండు అంగుళాల గది

పొద్దున్నే మొహం కడుక్కున్నాక వడ్రంగి చేసే మొదటి పని కూతురి గది కొలవడం. టేపు ఒక కొస ఎడమ గోడకి ఆనించి, రెండో కొస కుడి గోడ దాకా లాగి, చెవి మీది పెన్సిలు తీసి తలుపు చట్రం మీద అంకె వేస్తాడు. ఆ రోజు వేసిన అంకె ఎనభై ఆరు. నిన్నటిది ఎనభై ఆరున్నర.

"అర అంగుళం," అన్నాడు వంటగదిలోకి వినపడేలా.

"నిన్నటి మీద నయమే," అంది భార్య, యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ. ఆమె సిటీ బస్సు కండక్టరు. అరవై మంది పట్టే బస్సులో తొంభై మందిని నిలబెట్టగల గొంతు ఆమెది. "ఏమే, మంచం అంచు గోడకి తగులుతోందా? కాస్త సర్దుకో తల్లీ. ఎన్నాళ్లని!"

"సర్దుకున్నానమ్మా," అంది లోపల్నుంచి పిల్ల.

బడిలో ఆఖరి ఏడు చదివే పిల్లలున్న ఇళ్లలో గదులు తగ్గుతాయి. పొడవు అలాగే ఉంటుంది, వెడల్పే పోతుంది. పోయిన మేర హాల్లోనూ కలవదు, పక్కింట్లోనూ కలవదు. పరీక్షలయ్యాక మూడు వారాల్లో గది మళ్లీ మామూలు కొలతకి వస్తుంది. వానాకాలం తలుపులు బిగుసుకుపోతే జనం ఎంత మాట్లాడుకుంటారో, దీని గురించీ అంతే మాట్లాడుకుంటారు.

ఎదురింటి టైలరమ్మ కొడుకు కిందటేడే గట్టెక్కాడు. "మావాడి గది నాలుగడుగుల దగ్గరే ఆగిపోయింది అన్నయ్యా," అంది ఒకరోజు, మిషను మీంచి తల ఎత్తకుండానే.

"నాలుగడుగులా! అదృష్టవంతులమ్మా."

"అదృష్టమా నా మొహమా! వాడు చదివితే కదా తగ్గడానికి. ఆ గోడలకే విసుగొచ్చి ఊరుకున్నాయి."

వడ్రంగి నవ్వాడు కానీ, ఆ రోజంతా చిత్రిక పడుతున్నంతసేపూ లెక్కలు వేస్తూనే ఉన్నాడు. కూతురు క్లాసులో తొమ్మిదో స్థానంలో ఉంది. పై పదిమందికే యూనివర్సిటీ సీటు ఖాయం. ఇంట్లో ఇంతవరకు ఎవరూ యూనివర్సిటీ గేటు దాటలేదు. ఆ గేటు చెక్క తలుపులు మాత్రం ఒకసారి ఆయనే బాగుచేశాడు, బయట నిలబడి.

ఆయన చేతిలో పనితనం ఉంది. గది తగ్గినకొద్దీ సామాను తగ్గించాడు. మొదట బీరువా హాల్లోకి వచ్చింది. తర్వాత మంచం నిలువునా కోసి, సగం చేసి, కోళ్లు మళ్లీ బిగించాడు. బల్ల కాళ్లు తీసేసి, గోడకీ గోడకీ మధ్య ఒక పలకే అడ్డంగా పెట్టాడు. పలక చివర గోడని ఒత్తుకోగానే కాస్త కోసేవాడు. ఎక్కడా ఒక్క పెచ్చు లేవలేదు. చూడడానికి వచ్చినవాళ్లు "మేస్త్రి పనంటే ఇదీ" అన్నారు. ఆ వీధిలోనే ఇంకో ముగ్గురు తమ పిల్లల మంచాలు ఆయన చేత కోయించుకున్నారు.

చట్రం మీద అంకెలు వేయడం మొదలుపెట్టి నూటడెబ్బై రోజులు దాటాక ఆయనకి ఒక సంగతి తట్టింది. భార్యని పిలిచి చూపించాడు.

"ఇదిగో, ఈ ఆదివారం మనిద్దరం పెళ్లికి వెళ్లాం. చూడు, ఒక్క నూలు తగ్గలేదు. ఈ మంగళవారం మూడుసార్లు తలుపు తీసి 'ఎంతవరకు వచ్చింది' అని నేను అడిగాను. నువ్వు పాలిచ్చి ఒకసారి అడిగావు. అంగుళం పోయింది."

"అంటే?"

"అడిగినప్పుడల్లా పావు అంగుళం."

కండక్టరు టిక్కెట్లు లెక్కపెట్టినట్టు అంకెల మీద వేలు నడిపింది. "అయితే అడగడం మానేద్దామండీ."

మానేశారు. నాలుగు రోజులు గది యాభై ఒకటి దగ్గర కదలకుండా నిలబడింది. నాలుగో రోజు సాయంత్రం పిల్ల హాల్లోకి వచ్చి, టైలరమ్మ మిషను మీద కుట్టేటప్పుడు మూతి ఎలా తిప్పుతుందో చేసి చూపించింది. ముగ్గురూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

అయిదో రోజు సన్నాహక పరీక్ష ఫలితాలొచ్చాయి. తొమ్మిదో స్థానం కాస్తా ముప్పై ఒకటి అయింది.

ఆ సాయంత్రం ఎవరెన్నిసార్లు తలుపు తీశారో లెక్క లేదు. ఎందుకిలా అయిందని ఆయన అడిగాడు. ఒంట్లో బాగాలేదా అని ఆమె అడిగింది. నాలుగు రోజులు వదిలేస్తే ఇదా అని ఆయన, రేపట్నుంచి ఎలా చదువుతావని ఆమె. పిల్ల పలక మీద తల వంచుకుని "చదువుతాను" అని మాత్రమే అంది. వాళ్లు అడిగిన ప్రతిసారీ, ఒక్క మాటే. తెల్లారి కొలిస్తే నలభై.

"చూశావా, మనం అడక్కపోతే చదవదు," అన్నాడు వడ్రంగి.

"అడిగితే గది పోతోంది కదండీ!"

"అందుకే లెక్క కావాలి." ఆయన రంపపు పొట్టు అంటిన కాగితం మీద పెన్సిలుతో వేశాడు. "పరీక్షకి ముప్పై ఆరు రోజులు. రోజుకి రెండు ప్రశ్నలే. నీకొకటి, నాకొకటి. రోజుకి అర అంగుళం. మొత్తం పద్దెనిమిది. ఇరవై రెండు మిగులుతుంది."

"ఇరవై రెండు చాలుతుందా?"

ఆయన పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. టేపు పట్టుకుని గదిలోకి వెళ్లాడు. పిల్లని నిలబెట్టి, ఒక భుజం కొస నుంచి రెండో భుజం కొస దాకా పట్టాడు.

"నన్నెందుకు నాన్నా కొలుస్తున్నావు?"

"పదిహేను," అన్నాడాయన, బయటికి వినపడేలా. "పదిహేనే. ఏడు అంగుళాలు ఇంకా మిగులే!"

పిల్ల తన భుజం వంక ఒకసారి చూసుకుని కూర్చుంది. "మంచి కొలతేలే," అంది. ఆయనకది మెచ్చుకోలులాగే వినపడింది.

ఆ ముప్పై ఆరు రోజులూ లెక్క తప్పలేదు. పొద్దున బస్సుకి వెళ్లేముందు ఆమె ప్రశ్న, సాయంత్రం పని నుంచి వచ్చాక ఆయన ప్రశ్న. ఒకపూట ఆమె నోరు జారి రెండోది అడగబోయి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై దగ్గర మంచం తీసేసి పద్దెనిమిది అంగుళాల పలక వేశాడు. ఇరవై ఆరు దగ్గర తలుపు కోశాడు. ఆ తర్వాత పిల్ల గదిలోకి పక్కవాటుగా వెళ్లడం, పక్కవాటుగానే రావడం నేర్చుకుంది. హాల్లో కూడా అలాగే నడిచేది. భోజనానికి పిలిస్తే గోడవారనే వచ్చి, గోడవారనే కూర్చుని, మోచేతులు పక్కటెముకలకి ఆనించుకుని తినేది.

"ఇక్కడ చోటుందిగా, ఇటు జరుగు," అన్నాడోసారి తండ్రి.

"ఫర్వాలేదు నాన్నా. ఇక్కడ బాగుంది."

పరీక్ష రోజు పొద్దున గది సరిగ్గా ఇరవై రెండు. వెంట్రుకవాసి తేడా లేదు. వడ్రంగి చట్రం మీద ఆ అంకె చుట్టూ సున్నా చుట్టాడు. అంత ఖచ్చితంగా తన లెక్క ఎప్పుడూ కుదరలేదు.

పిల్ల పరీక్షలు బాగానే రాసింది. గోడ పక్క బల్ల కావాలని అడిగి మరీ కూర్చుందట. ఫలితాల్లో ఆరో స్థానం. వీధిలో చెయ్యి పట్టుకుని ఊపనివాళ్లు లేరు. టైలరమ్మ కొత్త బట్టలు కుట్టి తెచ్చి, "కొలతలు పాతవే వేశానమ్మా, వదులయ్యాయే!" అంది.

గది అందరూ చెప్పినట్టే మూడు వారాల్లో పది అడుగులకి వచ్చింది. వడ్రంగి మంచం రెండు ముక్కలూ కలిపి, అతుకు కనపడకుండా చిత్రిక పట్టి వేశాడు. బల్లకి కొత్త కాళ్లు పెట్టాడు. పిల్ల మంచం మీద గోడవైపు చివర పడుకునేది. మిగతా మంచం మీద దుప్పటి కూడా నలిగేది కాదు.

"అలవాటే. పోతుందిలెండి," అంది కండక్టరు.

"పోతుంది," అన్నాడాయన. మూడు వారాలని మనసులో లెక్క వేసుకున్నాడు. అయిదు గడిచాయి.

యూనివర్సిటీలో చేరే రోజు ముగ్గురూ వెళ్లారు. తాను ఒకప్పుడు బాగుచేసిన తలుపుల మధ్య నుంచి ఈసారి వడ్రంగి లోపలికి నడిచాడు. చేరికలు జరిగేది పెద్ద సభాభవనంలో. కుర్చీలన్నీ గోడల వెంటే, గోడకి కాస్త ఎడంగా వేశారు. ఎదర, నడిమధ్యన ఒకే ఒక్క బల్ల. దాని వెనక గుమాస్తా. వరస నంబరు పిలవగానే పిల్లలు ఒక్కొక్కరే వెళ్లి, ఒరిజినల్ కాగితాలిచ్చి, సంతకం పెట్టి రావాలి. పెద్దలు కూర్చున్నచోటే ఉండాలి.

"నూట పద్నాలుగు!"

పిల్ల లేచింది. ఒక అడుగు వేసింది. ఆపైన నున్నటి ఉత్త నేల. అటూ ఇటూ ఏమీ లేదు. వడ్రంగి కంటితోనే కొలిచాడు, నలభై ఎనిమిది అడుగులు. ఆమె వెనక్కి వచ్చి, కుర్చీల వెనక గోడకి వీపు ఆనించుకుంది.

"నూట పద్నాలుగు ఉన్నారా?"

"వెళ్లమ్మా, పిలుస్తున్నారు," అన్నాడు మెల్లిగా.

"వెళ్తాను నాన్నా." కాగితాలు గుండెకి అదుముకుని గోడ వెంబడి నాలుగడుగులు పక్కవాటుగా జరిగింది. బల్ల ఏ గోడకీ దగ్గరగా లేదు. గోడ చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చింది. చెమటకి కాగితాల అంచులు ముడుచుకుపోయాయి. "పట్టుకోవడానికేం లేదు నాన్నా అక్కడ."

కండక్టరు నోరు తెరిచింది. తొంభై మందిని జరిపిన గొంతులోంచి ఒక్క మాట రాలేదు. వడ్రంగి లేచి గుమాస్తా దగ్గరికి పరిగెత్తి దణ్ణం పెట్టాడు. "బాబూ, ఆ సంతకమేదో అక్కడికొచ్చి తీసుకోండి."

"అందరూ ఇక్కడికే వస్తున్నారు కదండీ," అన్నాడు గుమాస్తా, కోపం లేకుండానే. ఆయన భుజం మీదుగా చూసి మూడోసారి పిలిచాడు. గోడ దగ్గర పిల్ల కళ్లు మూసుకుంది. గుమాస్తా కాగితం మీద ఆ నంబరుకి అడ్డంగా గీత గీశాడు. "నూట పదిహేను!"

తిరుగు ప్రయాణంలో దొరికిన బస్సు కిక్కిరిసి ఉంది. ముగ్గురూ ఎలాగో ఎక్కి మధ్యలో నిలబడ్డారు. ముందొక లావాటాయన, వెనక సంచులతో ఇద్దరు ఆడవాళ్లు. చెయ్యి ఎత్తడానికి చోటు లేదు. ఆ ఒత్తిడిలో పిల్ల భుజాలు దిగాయి. మొహంలోకి రంగు వచ్చింది.

"అమ్మా, టైలరత్త ఇప్పుడు ఏమంటుందో తెలుసా?" అని మూతి తిప్పింది. ఎన్ని నెలలకో.

తల్లి నవ్వింది. తండ్రి నవ్వలేకపోయాడు.

ఒక స్టాపులో పదిమంది దిగారు. తర్వాతి దాంట్లో పాతిక. లావాటాయన దిగగానే పిల్ల మాట ఆగిపోయింది. చేతులు పక్కటెముకలకి చేరాయి. సంచుల ఆడవాళ్లూ దిగారు. బస్సు మూడొంతులు ఖాళీ.

ఆ బస్సు కండక్టరు తల్లిని గుర్తుపట్టాడు. "అక్కా, ఇన్ని సీట్లుంటే నిలబడ్డారేం? కూర్చోండి."

ఆమె కూతురి కుడిభుజానికి తన భుజం ఆనించింది. భర్త వంక చూసింది. ఆయన ఎడమవైపు నుంచి దగ్గరగా జరిగి, ఇంకాస్త జరిగి, పిల్లని ఒత్తుకుని నిలబడ్డాడు.

"ఫర్వాలేదు తమ్ముడూ," అంది తల్లి. "మాకిలాగే బాగుంది."