నీసు

ఈ డ్రైవరు ప్రతి మలుపునూ ఇంత విసురుగా ఎందుకు తిప్పుతాడో, ట్రే మళ్లీ ఓ పక్కకి ఒరిగింది, ప్రజ్వల్ రెండు చేతులా పట్టుకుని ఒళ్లోకి లాక్కున్నాడు, ఫాయిలు కింద పులిహోర ఇంకా వెచ్చగానే ఉంది, ఇంగువ వాసన బస్సంతా పాకింది, ముందు సీట్లో ముసలావిడ వెనక్కి తిరిగి స్మెల్స్ గుడ్ అంది, థాంక్యూ అన్నాడు, అదేదో తను వండినట్టు, కరివేపాకు కూడా తను దూయలేదు, క్లాసు తనది, ప్రాజెక్టు తనది, మార్కులు తనవి, వంట మాత్రం ఇంటి ఓనరు కనకదుర్గ ఆంటీది, ఫుడ్ అండ్ కల్చర్ అట, ప్రతివాళ్లూ ఇంటి వంట ఒకటి తెచ్చి దాని గురించి మాట్లాడాలట, నోరుజారి ఆవిడ దగ్గర అనడమే తన పొరపాటు, వండడమే కాదు, పొద్దున్నే మెట్ల దగ్గర నిలబెట్టి మాటలు కూడా వల్లె వేయించింది, ఇది మన తెలుగువాళ్ల పండగ వంట అని చెప్పు బాబూ, నైవేద్యం పెట్టి తింటామని చెప్పు, మనం నీసు ముట్టమని మాత్రం మర్చిపోకుండా చెప్పు, వీళ్లకి మన గురించి ఏమీ తెలీదు, నిజమే ఆంటీ, వీళ్లకే కాదు మీకూ తెలీదు, అనబోయి తలూపాడు, కెనడా వచ్చి నేర్చుకున్నది ఏమైనా ఉంటే ఇదొక్కటే, తలూపడం.

మొదటి రోజే అనేసి ఉంటే పోయేది, కానీ ఆ రోజు పరిస్థితి అలాంటిది, బ్రాంప్టన్‌లో ఓ బేస్‌మెంట్లో ఒకరి పక్కన ఒకరు ఇరుక్కుని పడుకుని, అక్కడి నుంచి కేంబ్రిడ్జ్ ఊళ్లో కాలేజీకి బస్సులు మారి మారి ఒళ్లు హూనమైపోతున్నప్పుడు ఎవరో ఈ ఇంటి నంబరిచ్చారు, రిటైరైన డాక్టరు రామమోహనరావుగారు, ఆయన భార్య, మన తెలుగువాళ్లు, మంచివాళ్లు, కింద గదికి కిటికీ కూడా ఉంది, ఆ కిటికీ చూసి తను మెత్తబడి ఉన్నప్పుడే ఆవిడ అడిగింది, మా ఇంట్లో నీసు పనికిరాదు బాబూ, నువ్వు తింటావా, చీరాలలో డాబా మీద అమ్మ ఎండబెట్టే మెత్తళ్ల చేపలు, కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చున్న చెల్లి, అంతా ఒక్కసారి కళ్ల ముందు కదిలింది, తినను ఆంటీ అనేశాడు, నోరు ఎంత తేలిగ్గా తిరిగిందో ఇప్పటికీ ఆశ్చర్యమే, పోనీ ఆవిడ చెడ్డదైనా బాగుండేది, హాయిగా తిట్టుకునేవాడు, జ్వరమొస్తే మిరియాల చారు కాచి మెట్లు దిగి తెచ్చి ఇచ్చింది, కొత్త ఆవకాయ సీసా తనకే ముందు పెట్టింది, వాన్ అనే ఊరి నుంచి వాళ్ల స్నేహితులు హేమచంద్రగారి కుటుంబం భోజనానికొస్తే భుజం మీద చెయ్యేసి, చూడండి, ఈ కాలంలో కూడా ఇలాంటి పిల్లాడు, గుడ్డు కూడా ముట్టడు అంది, హేమచంద్రగారు గ్రేట్ అన్నారు, తను సిగ్గుపడ్డట్టు నవ్వి విస్తళ్లు వేశాడు, అంతకు ముందు రోజే వేర్‌హౌస్ షిఫ్టు అయ్యాక బస్ షెల్టర్లో నిలబడి సార్డిన్ డబ్బా తెరిచి, గ్లోవ్స్ తీసేస్తే వేళ్లు కొంకర్లు పోతాయని ప్లాస్టిక్ ఫోర్కుతో పొడుచుకుని, ఉప్పూ కారం లేని ఆ చప్పటి చేపని నమలకుండానే మింగి, పుదీనా గమ్ వేసుకుని, జాకెట్ వాసన చూసుకుని చూసుకుని ఇంటికెళ్లాడు, తెల్లవాళ్లు ముక్కు మూసుకుంటారని అందరూ భయపెట్టి పంపారు, వాళ్లకి ఏం జవాబు చెప్పాలో విమానంలోనే ఆలోచించి పెట్టుకున్నాడు, ఒక్కడూ ముక్కు మూసుకోలేదు, ఈ ఆంటీ ముక్కుకి మాత్రం తన దగ్గర జవాబు లేదు, ఇక అమ్మ ఫోను, చేపలు దొరుకుతున్నాయా నాన్నా, దొరుకుతాయమ్మా, వండుకుంటున్నావా, ఆ, ఇటు తిననని అబద్ధం, అటు తింటున్నానని అబద్ధం, మధ్యలో తను, ఒళ్లో ఎవరిదో పులిహోర.

క్లాసులో బల్లలన్నీ కలిపి పేపరు పరిచారు, నైజీరియా అబ్బాయి ఎర్రటి జొలోఫ్ రైస్, కొలంబియా అమ్మాయి మొక్కజొన్న రొట్టెలు, అందరివీ వాళ్ల వాళ్ల ఇళ్లలోంచి వచ్చినట్టే ఉన్నాయి, తన వంతు రాగానే వల్లె వేసిందంతా గడగడా అప్పజెప్పాడు, పండగ, నైవేద్యం, మేం నీసు ముట్టం, ప్రొఫెసర్ కళ్లు పెద్దవి చేసి, బ్యూటిఫుల్, అయితే తెలుగువాళ్లు ఎవరూ మాంసం, చేపలు తినరా అంది, తినరు అన్నాడు, ఎవరూ అని అడుగుతోంటే ఎవరూ అని ఎలా తలూపాడో, అప్పుడు చెయ్యెత్తింది ఏక్తా, సర్రీ నుంచి వచ్చిన అమ్మాయి, వాళ్లది ఎప్పుడో చెరుకు తోటల్లో పనికి ఫిజీ వెళ్లినవాళ్ల కుటుంబమని తెలుసు గానీ ఎప్పుడూ రెండు మాటలకి మించి మాట్లాడింది లేదు, ఆమె ఇంగ్లీషులో, కాస్త భయపడుతూనే, మా నాన్నమ్మ కృష్ణవతి కూడా తెలుగే అనేవాళ్లు, మాలో ఎవరికీ భాష రాదు, మిగిలింది ఒక్క మాట, పులుసు, చేపలతో చేసేది, ఆ మాటని పట్టుకునే మేం తెలుగువాళ్లమని అనుకుంటున్నాం, నువ్వు చెప్పేది నిజమైతే మేం కాదన్నమాటేనా అంది, పోట్లాటకి అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది, ఆ పులుసు అనే మాటని పూలూసూ అని సాగదీసింది, అందరూ పేపరు ప్లేట్లు పట్టుకుని తనకేసే చూస్తున్నారు.

కాదు, అన్నాడు, అంటే నువ్వు కాదని కాదు, నేను చెప్పింది నిజం కాదు, మా అమ్మ చేస్తుంది, సముద్రం పక్క ఊరు మాది, రోజూ చేపలే, చింతపండు పులుసు, మట్టి దాక, ఇంగ్లీషు మాటలు ఒకదానికొకటి తట్టుకుని పడుతున్నాయి, దాకని ఏమంటారో తెలీలేదు, గరిట పెట్టదు, పెడితే ముక్క చితుకుతుంది, దాక అంచులు పట్టుకుని ఇలా, అని గాల్లో రెండు చేతులూ తిప్పాడు, ఏక్తా ఒక్కసారి నవ్వేసింది, మా నాన్నమ్మ కూడా గరిట పెట్టనిచ్చేది కాదు, పెడితే చేతి మీద కొట్టేది, గిన్నెకి గుడ్డ పెట్టి పట్టుకుని, ఇదిగో ఇలా, అని తనూ తిప్పింది, ఇద్దరూ లేని గిన్నెల్ని తిప్పుతూ నిలబడ్డారు, మరి ఇదెవరి వంట అంది ప్రొఫెసర్, మా ఓనరు ఆంటీది, ఆవిడా తెలుగే, ఇదీ మాదే, కానీ ఇదొక్కటే కాదు, అన్నాడు, మార్కులు పోతే పోనీ.

బయట బస్టాపులో ఫోను మోగింది, ఆంటీ, నచ్చిందా బాబూ అందరికీ, నచ్చింది ఆంటీ, మెతుకు మిగల్లేదు, నేను చెప్పమన్నట్టే చెప్పావా, చెప్పాను, తర్వాత అది నిజం కాదని కూడా చెప్పాను, నేను చేపలు తింటాను ఆంటీ, చిన్నప్పటి నుంచీ తింటాను, మొదటి రోజు మీతో అబద్ధమాడాను, అందరి ముందూ నీ గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నాను ప్రజ్వల్, అంది ఆవిడ, బాబూ అనలేదు, సరే ఇంటికి రా, అంకుల్‌తో కూర్చుని మాట్లాడదాం, పెట్టేసింది, అంతే, ఇక మళ్లీ రూము వేట, ఈ మంచులో, వెజిటేరియన్స్ ఓన్లీ అని ముందే రాసిపెట్టే ప్రకటనలు, నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది, చదువయ్యేదాకా ఓపిక పట్టలేకపోయాడా, కాన్వొకేషన్‌కి అమ్మ వస్తానంది, ఎంచక్కా ఆ ఇంట్లోనే దింపేవాడు, ఆంటీతో కబుర్లు చెప్పుకునేది, అమ్మ ఊరికే కూర్చోదు, రెండో రోజే కొంగు బిగించి వంటింట్లోకి వెళ్తుంది, కనకదుర్గ ఆంటీ నవ్వుతూ అడుగుతుంది, మీ ఇంట్లో ఏం వండుతారండీ, అమ్మ నోరు తెరవబోయి తన వంక చూస్తుంది, ఎందుకంటే ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే దారిలోనే తను చెప్పేసి ఉంటాడు, అమ్మా, అక్కడ చేపల మాట ఎత్తకు, అని, అమ్మ ఎందుకని కూడా అడిగి ఉండదు, సరే నాన్నా అని ఉంటుంది, ఇన్నాళ్లుగా తను డబ్బాల్లోనూ జాకెట్ జేబుల్లోనూ దాస్తూ వచ్చింది చేప అనుకున్నాడు, దాచింది అమ్మని.