గొట్టానికి చేసిన మర్యాద

త్సోంకా ముసలమ్మ ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, గుమ్మం మొదలుకుని కోళ్ళగూడు దాకా కడిగి తోమాల్సిందే. బల్గేరియా పల్లెల్లో ఆడవాళ్ళందరూ అంతే. వచ్చినవాళ్ళ కంట తుప్పు పడితే తల కొట్టేసినట్టవుతుంది వాళ్ళకి.

ఆమె పెరటి కంచె అవతల ఒకప్పుడు సహకార సంఘం ట్రాక్టర్లకు డీజిలు పోసే బంకు ఉండేది. భూమిలో పాతిన ట్యాంకులు చిల్లులు పడితే వాటిని ఎప్పుడో పెరికి పారేశారు. కారిన డీజిలు మాత్రం భూమి అడుగునీళ్ళలోకి దిగింది. అందుకని త్సోంకా బావికి మూతేసి సీలు పెట్టారు. పెరట్లో సన్నటి గొట్టం దింపి, ఏడాదికోసారి అందులోంచి నీళ్ళు తీసి పరీక్ష చేస్తున్నారు. వరసగా రెండేళ్ళు శుభ్రంగా వచ్చాయి. ఈసారీ వస్తే బావి తెరుస్తారు, మంచినీళ్ళ ట్యాంకరు కోసం పడిగాపులు తప్పుతాయి.

నీళ్ళు తీసే పిల్ల విహ్రా వస్తానన్న పొద్దున త్సోంకా గొట్టం వంక చూసింది. మూత నిండా తుప్పు. ఊరుకుంటుందా? కిరసనాయిలు గుడ్డతో మూతా, గొట్టం అంచూ, లోపల వేళ్ళు అందినంత మేరా తళతళలాడేలా తోమింది.

విహ్రా వచ్చి మూత తీస్తూనే ముక్కు చిట్లించింది. పైకి లాగిన నీళ్ళమీద నూనెతెట్టు రంగురంగులుగా తేలుతోంది. పాపం, ఆ పిల్ల మొహం వాడిపోయింది. మళ్ళీ ఎక్కడినుంచో దిగుతున్నట్టుందనీ, బావి ఇంకొన్నేళ్ళు మూసే ఉంచాలేమోననీ మెల్లగా చెప్పింది.

త్సోంకా తను తోమిన మూత వంక చూసింది. చెబితే ఊరంతా నవ్వుతుంది, చెప్పకపోతే బావి పోతుంది.

"తల్లీ, అది బంకు నూనె కాదు. నా నూనె," అంది చివరికి.

"నువ్వెందుకు పోశావు అవ్వా?"

"పొయ్యలేదమ్మా, తోమాను. నువ్వొస్తున్నావని."

మొగుడు గెన్చో పక్కనే ఉన్నాడు కదా, అందుకున్నాడు. "నయమమ్మాయ్, ఇంకాస్త ముందొచ్చుంటే నిన్నూ తోమేసేది."

విహ్రా నవ్వు ఆపుకోలేక అక్కడే గడ్డిలో కూలబడింది. గొట్టంలో నీళ్ళన్నీ తోడి డబ్బాల్లో పట్టుకుపోతాననీ, మూత మార్చి, కొత్త నీరూరాక మళ్ళీ వస్తాననీ చెప్పింది. వాళ్ళు పెట్టిన జున్ను పొరల రొట్టె, బనిత్సా ముక్క తింటూనే, ఈలోగా అవ్వను గొట్టం దరిదాపులకు రానివ్వద్దని గెన్చోకి పురమాయించింది.

ఆ రోజులు త్సోంకా ఎలా గడిపిందో ఆమెకే తెలియాలి. గొట్టం చుట్టూ గడ్డి జానెడెత్తు పెరుగుతుంటే చేతులు ఒకటే దురద. గెన్చో ఏమో దర్జాగా కుర్చీ వేసుకుని కాపలా.

రెండోసారి తీసిన నీళ్ళలో ఏ దోషమూ తేలలేదు. విహ్రాయే వచ్చి బావి సీలు తెంచింది. పాత నీళ్ళన్నీ తోడించాక మొదటి చేద త్సోంకా లాగి, వాసన చూసి, గెన్చోకి అందించింది.

అతను చప్పరించి, "ఏ రుచీ లేదేమే," అన్నాడు.

"హమ్మయ్య," అని త్సోంకా దోసిలి పట్టింది.