చూరు కింద అడుగు

మా ఊళ్ళో పైకప్పు విప్పడానికి వీలున్న ఇల్లు నాదొక్కటే. అందుకని వాళ్ళు నా దగ్గరికి వచ్చారు. ప్రేమతో కాదు.

తుఫాను తర్వాత ఉద్దానంలో అందరూ శ్లాబులు వేసుకున్నారు. నేను వేయలేదు. తాటికమ్మల ఇంట్లో పుట్టాను, అందులోనే పోతానని చెప్పుకు తిరిగాను. నిజానికి మండలాఫీసు చుట్టూ తిరగడం నావల్ల కాలేదు.

సౌజన్య టెక్కలి అమ్మాయి. వేసవి సెలవుల్లో పదిరోజులు పిల్లలకి బైబిలు కథలు నేర్పడానికి మా ఊరి రేకుల చర్చికి వచ్చింది. ఊళ్ళో క్రైస్తవులు నాలుగిళ్ళు. పిల్లలు మాత్రం ముప్పై మంది పోగయ్యేవారు. రోజూ మరమరాలు, అరటిపండు పెట్టేది మరి. ఆ అమ్మాయి కథ చెప్పదు, చేయిస్తుంది. చేత్తో చేసిందే బుర్రలో నిలుస్తుందని ఏదో ట్రైనింగులో నేర్పారట.

మొదటి రోజు ఐదు రొట్టెలు, రెండు చేపల కథ. అట్టముక్కలతో చేపలు కత్తిరించమంది. వేటకెళ్ళేవాళ్ళ పిల్లలు పగలబడి నవ్వి, ఇళ్ళకి పోయి రెండు బుట్టల కవళ్ళ చేపలు తెచ్చారు. "రెండు చేపలు ఐదువేల మందికేటి మేడం? మా అయ్య ఇంటే తంతాడు" అన్నాడొకడు. ఏ అద్భుతమూ జరక్కుండానే ఊరంతా పులుసు తిన్నారు. రెండో రోజు యేసుని చూడడానికి పొట్టి జక్కయ్య చెట్టెక్కే కథ. ముప్పై మందీ జక్కయ్యలే. ముప్పై మందీ జీడిచెట్లెక్కారు. కింద యేసు లేడు. తోట కాపలా పైడయ్య కర్రతో నిలబడ్డాడు. మధ్యాహ్నం దాకా ఎవరూ దిగలేదు.

నాలుగో రోజు నా వంతు.

"ఒకాయనకి పక్షవాతం అంకుల్" అంది సౌజన్య, ముందురోజు సాయంత్రం నా అరుగు మీద కూర్చుని. "నలుగురు స్నేహితులు మంచంతో సహా యేసు దగ్గరికి మోసుకొస్తారు. ఇంటి నిండా జనం. గుమ్మంలోంచి దూరలేరు. దాంతో పైకెక్కి, కప్పు విప్పి, మంచాన్ని తాళ్ళతో లోపలికి దించుతారు. యేసు ఆయన పాపాలు క్షమించి, లేచి మంచం ఎత్తుకుని నడవమంటాడు. ఆయన నడుస్తాడు."

"ఆ కప్పు మళ్ళీ ఎవరు నేశారు?"

ఆ అమ్మాయి పుస్తకం తిరగేసింది. "అది రాయలేదండీ."

"రాయరు" అన్నాను.

కమ్మల ఇల్లు నేయడానికి ఇద్దరు కావాలి. పైనున్నవాడు మూరెడు సూదితో తాడు కిందికి గుచ్చుతాడు. లోపలున్నవాళ్ళు ఆ తాడుని వాసం చుట్టూ తిప్పి పైకి పంపుతారు. పైన నేను, లోపల నా భార్య చిన్నమ్మి. ముప్పై రెండేళ్ళు అలాగే నేశాం. చిన్నమ్మి పోయి నాలుగేళ్ళయింది. లోపల మనిషి లేడు. కప్పు కుళ్ళిపోయింది. కొత్త కమ్మలు పెరట్లో కట్టలుగా పడున్నాయి. పాతవి దించడానికైనా ముప్పై కోతులు దొరికాయి కదా అని ఒప్పుకున్నాను.

"పక్షవాతం ఆయన కూడా మీరే అవ్వాలంకుల్. పిల్లలైతే నవ్వేస్తున్నారు. మీరు నవ్వరని ఊళ్ళో అందరూ చెప్పారు."

"ఏం చేయాలి?"

"ఏమీ చేయకూడదు. కదలకూడదు, మాట్లాడకూడదు. యేసు లే అన్నప్పుడే లేవాలి."

"అది నాకొచ్చు."

యేసు వేషం భార్గవికి ఇచ్చానని మాత్రం ఆ అమ్మాయి చెప్పలేదు. చెప్పుంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. భార్గవి తొమ్మిదేళ్ళ పిల్ల. ఢిల్లీబాబు మనవరాలు. ఢిల్లీబాబు నా చిన్నమ్మి తమ్ముడు.

ఉద్దానంలో కిడ్నీల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. చిన్నమ్మికి రెండూ పోయాయి. తమ్ముడిది సరిపోతుందన్నారు. ఇస్తానన్నాడు. నలుగురి ముందూ అన్నాడు. విశాఖపట్నంలో ఆసుపత్రిలో చేరాల్సిన రోజు, టీ తాగి వస్తానని కిందికి దిగాడు. రాలేదు. సాయంత్రం పలాసలో రైలు దిగాడని ఎవరో ఫోన్ చేసి చెప్పారు. చిన్నమ్మి ఏడు నెలలు పలాస ఆటోలో డయాలిసిస్‌కి తిరిగి తిరిగి పోయింది. వాణ్ణి ఒక్క మాట అనలేదు. "ఆడికి సిన్నప్పట్నించీ సూదంటే బయ్యం" అనేది. అంతే.

పెదకార్యం రోజు ఊరందరి ముందు వాడికి చెప్పాను. "నా చూరు కింద అడుగెట్టినావంటే మనిద్దర్లో ఒకడే మిగుల్తాడు." మా ఇంటి చూరు కిందికి దిగి ఉంటుంది. ఎంతటివాడైనా వంగకుండా గుమ్మం చేరలేడు. ఆ రోజు నుంచి వాడు నా వీధికి రాలేదు, నేను వాడి వీధికి పోలేదు. ఊరికి ఉన్నవి మూడు వీధులు.

పొద్దున్నే పిల్లలు కప్పు మీద పడ్డారు. రెండు కమ్మలు తీస్తామన్నారు. గంటలో ముందు వైపు సగం కప్పు, చూరుతో సహా, నేల మీద ఉంది. ఎలకలు, తేళ్ళు, చిన్నమ్మి ఎప్పుడో పోగొట్టుకున్న దువ్వెన బయటపడ్డాయి. దువ్వెన జేబులో పెట్టుకున్నాను.

తర్వాత నన్ను చర్చి దగ్గర నులకమంచం మీద పడుకోబెట్టారు. బొమ్మల పుస్తకంలో పక్షవాతం ఆయన మీద తెల్లదుప్పటి ఉందని సౌజన్య మెడదాకా తెల్లదుప్పటి కప్పింది. ఎండగా ఉందని నేనే ముఖం మీదికి లాక్కున్నాను. మంచం కోడుకి నలుగురు చొప్పున పదహారు మంది పిల్లలు మంచం భుజాన వేసుకున్నారు. కాళ్ళు ముందుకి. వాళ్ళకి ఏం తెలుసు. ముందు ఇద్దరు పాట పాడుతూ డప్పు కొడుతున్నారు. వాళ్ళ ముందు ఒక బుడ్డోడు చిల్లుపడ్డ సంచిలోంచి మరమరాలు తింటూ, సగం వీధిలో పోసుకుంటూ నడిచాడు.

తెల్లదుప్పటి, డప్పు, దారి పొడుగునా మరమరాలు. ఇంక ఎవరికి ఏమని చెప్పాలి?

"అయ్యో గున్నయ్యో! ఒక్క పిలుపేనా పిలవకుండా ఎలిపోనావా నాయనో!"

అది అప్పలమ్మ గొంతు. నిన్నటి దాకా నన్ను పీనాసి అన్న ముసలమ్మ. శవం పోతోందనుకుని పక్కింటివాళ్ళు నీళ్ళ బిందెలు బోర్లించడం వినపడింది.

"సూడు మంగా, మోసీవోలు కూడా నేక పిల్లలు మోత్తన్నారు" అంది అప్పలమ్మ ఏడుపు మధ్యలో.

"మరేటి? అందరితోనూ తగువులే. ఎవులు మోత్తారు?" అంది మంగ.

దుప్పటి కింద నేను కదలలేదు. మాట్లాడలేదు. మాట ఇచ్చాను కదా. పైగా ఇంకా ఏమంటారో విందామనుంది. కానీ అప్పలమ్మ ఢిల్లీబాబు వీధి వైపు పరిగెత్తింది. చావుకి పగ లేదంటారు మా వైపు. శత్రువుకైనా కబురు పెట్టాలి, వాడైనా రావాలి.

ఇంటి దగ్గర పక్షవాతం మనిషి లేచి, నిచ్చెనెక్కి, పైన మళ్ళీ మంచం మీద పడుకున్నాడు. వేరే దారి లేదు. నా బరువుతో మంచాన్ని నిచ్చెన మీదికి ఎత్తడం పిల్లలవల్ల కాదు. దుప్పటి మళ్ళీ కప్పారు. నాలుగు కోళ్ళకీ కొబ్బరి తాళ్ళు కట్టి వాసాల మధ్యలోంచి దించారు. సగం దించాక తలవైపు కోళ్ళు వాసంలో ఇరుక్కున్నాయి. ఇటు దిగదు, అటు పోదు. కాళ్ళవైపు కాస్త వాలి, నేలకి నాలుగడుగుల ఎత్తున, నా ఇంట్లో నేనే వేలాడాను. కింద భార్గవి టవలు గడ్డం కట్టుకుని నిలబడి ఉంది. దుప్పటి సందులోంచి అప్పుడే చూశాను. దిగిపోదామంటే లే అని ఇంకా అనలేదు.

అప్పుడు వీధిలో పరుగు వినపడింది. గుమ్మం ముందు ఆగింది.

చూరు ఉండాల్సిన చోట ఢిల్లీబాబు ఆగాడు. నాలుగేళ్ళలో మనిషి సగమయ్యాడు. అలవాటుగా వంగబోయి, తల ఎత్తి చూశాడు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. వంగకుండానే లోపలికి వచ్చాడు.

"బావా!" అని నా కాళ్ళు పట్టుకున్నాడు. మంచం ఊగింది. "బావా, పోనావా బావా!"

సౌజన్య చప్పట్లు కొట్టింది. "చాలా బాగా చేస్తున్నారంకుల్! పిల్లలూ, చూడండి, జనం అంటే ఇలా ఏడవాలి."

వాడికి వినపడలేదు. "టీ తాగీసి వచ్చీద్దామనే దిగినాను బావా. దేవుడి మీద ఒట్టు. గ్లాసు కింద ఎట్టినాను. కాళ్ళు టేసన్ వైపు నడిచీసినాయి. నాను నడవనేదు, ఆటికవే నడిచీసినాయి. అక్కకి ఒక్కపాలి కూడా మొకం సూపించనేదు. నీకు సెప్దామని ఎన్నిపాల్లో మీ వీధి మొదలు దాకా వచ్చినాను. నువ్వు తిట్టినా బాగున్ను. ఇప్పుడెవులు తిడతారు బావా నన్ను?"

నోటి దాకా వచ్చింది తిట్టు. పళ్ళు బిగించి ఊగుతున్నాను.

ఇదే సమయమని సౌజన్య భార్గవికి సైగ చేసింది. ఆ పిల్ల గడ్డం సరిచేసుకుని చెయ్యెత్తింది. "తాతా, నీ పాపాలన్నీ కొట్టీసినాను."

"కొట్టేయడం కాదమ్మా, క్షమించాను" అంది సౌజన్య.

"అదే మేడం. కొట్టీసినాను."

ఢిల్లీబాబు కన్నీళ్ళతో మనవరాలి వైపు తిరిగాడు. అక్కడ ఆమె ఎందుకుందో, గడ్డమెందుకుందో కూడా అడగలేదు. "మరి నావో, అమ్మా?"

భార్గవి టీచరు వైపు చూసింది. "మేడం, ఈ ముక్క నా మాటల్లో నేదు."

"నువ్వు ముందుకెళ్ళు" అంది సౌజన్య.

"తాతా, లెగు! నీ మంచం ఎత్తుకోని నడువు!"

లేచాను. దుప్పటి తీసి పారేశాను. "ఆ రోజు మాత్రం నీ కాళ్ళు బాగా నడిచాయిరా!" అన్నాను.

పిల్లలు ఈలలు వేశారు. ఢిల్లీబాబు నోరు తెరిచి, అలాగే నేల మీద కూలబడ్డాడు. పారిపోతాడనుకున్నాను. పారిపోయేవాడే కదా. లేవబోయాడు, లేవలేకపోయాడు.

"కాళ్ళు రావట్నేదు బావా."

"మేడం, ఈయనకీ పక్షవాతం!" అని అరిచాడు మరమరాల బుడ్డోడు. "ఈయన్ని కూడా పైకెక్కించి దించుదామా?"

నేను మంచం మీంచి దూకాను. బరువు తగ్గగానే అది ఊడి, నా వెనకే ధబ్బున పడి కోడు విరిగింది. ఎత్తుకుని నడవడానికి ఏమీ మిగల్లేదు.

"నా చూరు కింద అడుగెట్టొద్దని చెప్పానా?"

వాడు పైకి చూశాడు. ఏడుస్తూనే అన్నాడు. "చూరేది బావా?"

నేనూ చూశాను. లేదు.

సౌజన్యకి అప్పటికి ఎవరో విషయం చెవిలో చెప్పారు. ముఖం పాలిపోయింది. అయినా టీచరు టీచరే. "అంకుల్, క్షమించానని ఒక్క మాట అనేయండి. పిల్లలకి పాఠం పూర్తవుతుంది."

"పాఠం మీది. మీరు పూర్తి చేసుకోండి" అన్నాను.

ఆ అమ్మాయి పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ నా పెరటి మట్టిగోడ వైపు చూసింది. రేపు యెరికో గోడ కూలే కథ ఉందట. తలుపు వేసుకుందామనుకున్నాను. కప్పు లేని ఇంటికి తలుపేమిటి?

మధ్యాహ్నానికి సముద్రం వైపు నల్లగా కమ్ముకుంది. ఢిల్లీబాబు ఇంకా అక్కడే కూర్చున్నాడు. కాళ్ళు వచ్చాయని నాకు తెలుసు, రెండుసార్లు వేళ్ళు కదిపాడు. ఊళ్ళో కమ్మల ఇల్లు నేయడం తెలిసినవాళ్ళు ఇద్దరమే మిగిలాం. మాకు నేర్పింది ఒకడే, వాళ్ళ నాన్న.

"లోపలుండి తాడు అందిత్తాను బావా" అన్నాడు.

"లోపలా? చూరు కిందా?"

తల దించుకున్నాడు.

"నువ్వు పైకెక్కు. లోపల నేనుంటాను."

వాసానికి గుచ్చి ఉన్న మూరెడు ఇనపసూది తీసి వాడికిచ్చాను. "దీనంటే భయం లేదా?"

వాడు సూదిని చూశాడు. అందుకున్నాడు. నిచ్చెనెక్కాడు.

చిన్నమ్మి నిలబడే చోట నిలబడ్డాను. పైనుంచి సూది దిగింది. తాడు తిప్పి పంపాను. మళ్ళీ దిగింది. ఒకసారి సూది నా చెవి పక్కగా దిగితే తిట్టాను. పైన చప్పుడు కాస్త హుషారయింది. దాంతో ఇంకో రెండు తిట్లు తిట్టాను. దాహమంటే చెంబుతో నీళ్ళు పైకి అందించాను. మా వైపు కిడ్నీలు నీళ్ళ వల్లే పోతాయంటారు, అయినా ఆ నీళ్ళు ఏం నీళ్ళని అడగలేదు. తాగాడు.

సాయంత్రానికి చూరు మళ్ళీ దిగింది. కప్పు మధ్యలో మనిషి తల పట్టేంత కంత ఒకటి మిగిలింది. వాడు అందులోంచి తల పెట్టి చూశాడు.

"ఇంకో రెండు కమ్మలు అందీ బావా. అయిపోద్ది."

అయిపోతే దిగుతాడు. దిగితే చూరు అవతల దిగి, వాడి వీధికి వాడు పోతాడు.

"కమ్మలు అయిపోయాయి. రేపు రా" అన్నాను.

పెరట్లో ఇంకా రెండు కట్టలున్నాయి.