మామగారి గడ్డం

మెడ వెనక వెంట్రుకలు దులిపి, గుడ్డ విదిలించి, అల్లుడు కుర్చీని పక్కకు తిప్పాడు. అందులోని పెద్దమనిషి అద్దంలో చెవుల పక్కన చూసుకుని, బాగుందన్నట్టు తలూపి, మాసిన గడ్డంతోనే లేచి ఎదురు సెలూనుకు నడిచాడు. అల్లుడు కింద పడ్డ వెంట్రుకలు ఊడ్చాడు. కత్తెర పని ఇక్కడ, కత్తి పని అక్కడ. తాగుడు మానడానికి అతను ఆస్పత్రిలో ఉండి తిరిగొచ్చినప్పటి నుంచీ ఇదే వరస.

సెలూను మామగారిది కావడంతో ఒకప్పుడు అందరూ అతన్ని అల్లుడనే పిలిచేవారు. వీధికంతటికీ ఒక్కడే అల్లుడు, మర్యాదలకే కరువని భార్య నవ్వేది. తాగుడు రోజుల్లో ఆ పిలుపు పోయి ‘వణుకుడు’ వచ్చింది. ఆస్పత్రిలో చేతుల వణుకైతే పోయింది గాని, పేరు పోలేదు.

పని లేనప్పుడు అతనికి పాతరోజులు గుర్తొచ్చేవి. పెళ్ళికి చాలా ముందు, పని నేర్చుకునే కొత్తలో, మామగారు బుడగ ఊది, దానికి సబ్బు నురగ పూసి, కత్తితో గీకమనేవారు. అది ఠప్పున పేలి ఇద్దరి మొహాలూ నురగయ్యేవి. పేలకుండా నురగంతా వచ్చిన రోజున ఆయన కుర్చీలో కూర్చుని తన గడ్డమే పైకెత్తారు. ఎన్నో ఏళ్ళ తర్వాత, తాగొచ్చిన ఒక ఉదయం, అతను ఆ చెంప మీదే గాటు పెట్టాడు.

ఎవరెలా ఉన్నా, మామగారు కూడా రోడ్డు దాటి ఎదురు సెలూనుకే వెళ్ళడం అతనికి గుండెలో ముల్లు. ఆ గడ్డం మళ్ళీ తన చేతికి వస్తే చాలు, ఇంకేమీ వద్దనుకునేవాడు. ఇప్పుడాయన మంచం పట్టారు. డాక్టరు పెదవి విరిచేశాడు.

మధ్యాహ్నం భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాన్న గడ్డం గీయించుకుంటారట. మిమ్మల్నే రమ్మంటున్నారు."

అతను వెళ్ళేసరికి ఆయన దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. నురగ పూస్తుంటే వేళ్ళకు తెలిసింది. ఆయన దవడ సన్నగా, ఉండుండి అదురుతోంది.

"ఎన్నాళ్ళ నుంచి, మామయ్యా?"

"నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చేటప్పటికే మొదలైంది. అందుకే రోడ్డు దాటాను. నా దవడ అదిరి గాటు పడినా, నీ చెయ్యే వణికిందనుకునేవాడివి. ఆ దిగులుతో మళ్ళీ సీసా పట్టేవాడివిరా." ఊపిరి తీసుకోవడానికి ఆగారు. "నన్ను చూసి వీధంతా దాటింది. నోరు తెరిచి చెప్పాల్సింది. చెప్పలేదు."

"ఇప్పుడు గాటు పడితే?"

"పడనీ. ఎవరి వణుకో నీకు తెలిసిందిగా."

దవడ అదిరినప్పుడు కత్తి లేపాడు, కుదురుకున్నాక ఆనించాడు. పాత మచ్చ దగ్గర చర్మాన్ని బొటనవేలితో సాగదీసి, ఊపిరి బిగబట్టి, ఒక్క గీతలో దాటాడు. తడిగుడ్డతో తుడిచాక ఆయన చెంప తడుముకున్నారు. అలసట ముంచుకొచ్చింది.

"మీసం రేపు సవరిద్దువుగానిలే" అని కళ్ళు మూసుకున్నారు.

దీపాలు పెట్టే వేళకు, కాసిని పాలు పడదామని కూతురు వెళ్ళి పిలిచింది. ఆయన పలకలేదు.

చివరిచూపుకు వచ్చిన వాళ్ళలో ఎదురు సెలూను యజమాని కూడా ఉన్నాడు. ఆ నున్నని చెంపల వంక చాలాసేపు చూసి, "ఒక్క గాటు లేదు, అల్లుడూ" అన్నాడు మెల్లగా.

మంచం పక్కన స్టూలు మీద, మీసానికని తీసిపెట్టిన చిన్న కత్తెర అలాగే ఉంది.