పదిహేను సున్నాల తర్వాత నాలుగు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నరసరావుపేటలో మా కాలేజీ పిల్లల్ని ఎవర్ని అడిగినా చెబుతారు. ఆ రోజు అది రజియా మీద పడింది.

ఫైనలియర్ ప్రాజెక్టులు దిద్దడానికి ఈ ఏడాది నేనే ఒక ఏర్పాటు చేశాను. ప్రోగ్రాం రాసినవాళ్లు దాన్ని ఎలా వాడాలో వివరిస్తూ ఉదాహరణలు కూడా ఇవ్వాలి. ఈ అంకెలిస్తే ఈ జవాబు వస్తుందని రాయాలి. కంప్యూటర్ ఆ ఉదాహరణల్ని తనే నడిపి, వచ్చిన జవాబూ రాసిన జవాబూ ఒకటేనా కాదా చూస్తుంది. నేను కూర్చుని కళ్లు పోగొట్టుకోనక్కర్లేదు.

నలభై మంది పాసయ్యారు. రజియా ఒక్కతే ఫెయిల్. నాలుగింటికల్లా పాసైనవాళ్ల జాబితా హైదరాబాదు కంపెనీకి వెళ్లాలి. అందులో పేరు లేకపోతే ఆ పిల్లకొచ్చిన ఉద్యోగం పోయినట్టే.

"అసలు ప్రోగ్రాం నువ్వు రాసిందేనా? ఒక్కసారన్నా నడిపి చూశావా?" అని ల్యాబులో అందరి ముందూ అరిచాను.

మిగతావాళ్లు బయటికెళ్లాక మెల్లగా అంది. "నేనే రాశా సార్. ఉదాహరణల్లో జవాబులు మాత్రం చేత్తో లెక్కేసి పెట్టా. కంప్యూటర్ చెప్పిందే మళ్లీ రాస్తే, అది తప్పు చెప్పినా మనకెట్టా తెలుస్తది?"

అప్పుడు గానీ స్క్రీన్ సరిగ్గా చూడలేదు నేను. వాళ్ల నాన్న మౌలాలీ, క్రోసూరు దగ్గర మిరప తోట కౌలుకి చేస్తాడు. రజియా ప్రోగ్రాం పురుగుమందు కొలతలది. చిన్న ట్యాంకులో 0.1 లీటరు, పెద్ద ట్యాంకులో 0.2, మొత్తం 0.3 అని రాసింది. కంప్యూటర్‌కి వచ్చిన జవాబు 0.30000000000000004. దశాంశాల్ని తన లెక్కలోకి మార్చుకునేటప్పుడు కంప్యూటర్‌కి చివర్లో ఇలా పిసరంత తేడా వస్తుంది. పదేళ్లుగా నేను పాఠం చెబుతున్న సంగతే. నేను పెట్టిన పరీక్షేమో అక్షరం అక్షరం పోలుస్తోంది. ఆ నలభై మందీ కంప్యూటర్ చూపించింది కాపీ కొట్టి అతికించారు, పాసైపోయారు. నాకు సిగ్గేసింది.

టైము మూడూ నలభై. గబగబా పరీక్ష మార్చి, లీటరులో పదో వంతు తేడా దాకా పర్లేదని పెట్టి నడిపాను. పాస్! అమ్మయ్య అని వెనక్కి వాలాను.

రజియా కదల్లేదు. "సార్, అంత వదలబాకండి."

"మళ్లీ ఏందమ్మా?"

"పదో వంతు లీటరంటే వంద మిల్లీ సార్. అంత మందు ఎక్కువ పడితే మా తోట మాడిపోద్ది. మీ పరీక్ష మాత్రం పాసంటది. మిల్లీలో వెయ్యో వంతు దాకా ఒప్పుకోండి, చాలు."

ఉద్యోగం చేతికొచ్చాక కూడా పరీక్ష గట్టిగా ఉండాలని అడిగే పిల్లని నేనెప్పుడూ చూళ్లేదు. తను చెప్పినట్టే మార్చాను. మళ్లీ నడిపి ఇద్దరం స్క్రీన్ చూశాం. పాస్. రజియా చున్నీతో ముఖం తుడుచుకుని నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా జాబితా పంపాను. నేను ఆ పిల్ల మీద అరిచింది అందరి ముందు. అందుకని తప్పు నాదేనని చెప్పడానికి ఆ నలభై మందినీ మళ్లీ లోపలికి పిలిచాను.