అవ్వ చూపించిన ఇల్లు

మా అవ్వకు ముగ్గురు కొడుకులని బడివాళ్ళ లెక్కలో ఉంది. నిజానికి ఉన్నది ఒక్కడే, మా నాయన మునిరామయ్య. మిగతా ఇద్దరు ఎలా పుట్టుకొచ్చారో, వాళ్ళు పుట్టడం వల్ల మా చెల్లెలు హేమశ్రీ చదువు హైవే దాటి అవతలికి ఎలా పోయిందో చెబుతాను.

మా ఊరు మిట్టకిందపల్లె, బంగారుపాళ్యం మండలం. హైవేకి ఇటు పక్క ఊరు, అటు పక్క మేము గుత్తకు చేసే మామిడి తోపు. మా ఊరి బడిలో ఒకటి, రెండు తరగతులు మాత్రం ఉంచి, మూడో తరగతి నుంచి పిల్లల్ని వేరే బళ్ళకు పంచారు. ఇల్లు ఏ బడి హద్దులో ఉంటే ఆ బడి. మా ఊరివాళ్ళకు పక్కనే ఉన్న పెద్దమిట్ట బడి వస్తుందని అందరికీ తెలుసు. అది మాడల్ స్కూలు. తరగతికి ఒక టీచరు ఉంటారు. మాకు అంతకన్నా ముఖ్యం, అక్కడ కృపారాణి టీచర్ ఉంది.

హేమకు చెవులు సరిగా వినబడవు. కుడి చెవికి మిషన్ పెట్టుకుంటుంది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. మాట్లాడుతుంది కూడా, కానీ ఆమె గొంతు ఆమెకే వినబడదు కాబట్టి తగ్గించడం తెలియదు. మా ఇంట్లో కూర ఏమిటో వీధి చివర వాళ్ళకు తెలిసేది హేమ వల్లనే. ఎండాకాలం సెలవుల్లో కృపారాణి టీచర్ మా ఊరికి వచ్చి, ఇలాంటి పిల్లలకు చేతి సైగలు నేర్పింది. హేమకు తోడుగా పోయిన నేనూ నేర్చుకున్నాను. నాకది భలే నచ్చింది. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. బస్సు ఆపమని కండక్టర్‌తో చెప్పలేక, తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడిచిన రోజులున్నాయి. నోరు తెరవకుండా మాట్లాడే భాష ఒకటుందని నాకు ముందే ఎవరూ ఎందుకు చెప్పలేదో!

జూన్‌లో బడి గోడకు పేర్లు అంటించారు. ఎదురింటి భానుశ్రీకి పెద్దమిట్ట బడి వచ్చింది. హేమకు హైవే అవతలి రాళ్ళమడుగు బడి వచ్చింది.

నాయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు. “మద్దెలో ఉండేది ఒక్క ఈది. ఆ పాపకు పెద్దమిట్ట అంట, మన పాపకు రాళ్ళమడుగంట. మనిల్లు యాడుందని ఎవురు సెప్పినారు వాళ్ళకు?”

అవ్వ చంద్రకాంతమ్మ విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తకుండా, “నేనే సెప్పినాను” అంది.

“నువ్వా?”

“ఎండాకాలంలో ఒకాయన ఫోను పట్టుకోని తోపుకాడికి వచ్చినాడు. ఇల్లు ఇదేనామ్మా అన్నాడు. ఇదే అని సెప్పినాను.”

“ఊర్లో ఇల్లు పెట్టుకోని అదేందిమా!”

“కొత్త మనిషి. బండి దూరంగా నిలిపి నడుసుకుంటా వచ్చినాడు. దొంగో దొరో నాకేం తెలుసు?”

తోపు కాసేవాళ్ళ పద్ధతి తెలియనివాళ్ళకు ఇది పిచ్చిగా ఉంటుంది. కాపు మొదలైనప్పటి నుంచి కాయ దిగేదాకా మేము తోపులోని కొట్టంలోనే ఉంటాం. కొత్తవాళ్ళు ఎవరొచ్చి ఏం అడిగినా జవాబు ఒకటే. మేము ఇక్కడే ఉంటాం, పగలూ రాత్రీ ఇక్కడే, చాలామందిమి ఉంటాం. మా అవ్వ కొత్తకోడలుగా వచ్చినప్పుడు ఆమె అత్త మొదట నేర్పింది వంట కాదు, ఈ జవాబు.

“ఎంతమంది ఉంటారని అడిగినాడు” అని అవ్వ కొనసాగించింది. “ముగ్గురు కొడుకులు, దుడ్డుకర్రలు ఎత్తుకోని రాత్రంతా తిరగతా ఉంటారని సెప్పినాను. పేర్లు అడిగినాడు.”

“ఏం పేర్లు సెప్పినావు?”

“మునిరామయ్య, రాముడు, భీముడు.”

వంటింట్లో అమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది. “అవి మన ఎద్దులు గదా అత్తా! అమ్మేసి నాలుగేండ్లాయ!”

“యాడో ఒకసోట బతికే ఉంటాయిలే” అంది అవ్వ.

ఆ వచ్చినాయన దొంగ కాదు. రాళ్ళమడుగు బడి సారు గిరిప్రసాద్. ఇంటింటి లెక్క రాయడానికి వచ్చాడు. ఆయన ఎక్కడ నిలబడి రాశాడో ఫోను ఆ చోటునే మా ఇల్లుగా పట్టుకుంది. అలా మేము హైవే అవతలి వాళ్ళమైపోయాం.

హేమ వారం రోజులు రాళ్ళమడుగు బడికి పోయింది. గిరిప్రసాద్ సారు మంచివాడే. కానీ ఒక్క గదిలో మూడు తరగతులు చూసుకోవాలి. బోర్డు వైపు తిరిగితే ఆయన పెదాలు కనబడవు, వేరే తరగతి పిల్లల వైపు తిరిగితే వీపు తప్ప ఏమీ కనబడదు. ఎనిమిదో రోజు పొద్దున హేమ చెవి మిషన్ తీసి అల్మరాలో పెట్టేసింది.

“ఆడ దీనికి పనేం లేదు” అని వీధంతా వినబడేలా చెప్పింది.

నాయన మండలాఫీసులో అర్జీ ఇచ్చాడు. విద్యాధికారి మేడం శనివారం స్వయంగా వచ్చి చూస్తానంది. కృపారాణి టీచర్ దగ్గర సైగల తరగతిలో ఒక్క చోటే మిగిలిందని, ఇంకో ఊరి పిల్లవాడు కూడా అడుగుతున్నాడని, సోమవారానికల్లా తేల్చేయాలని కూడా చెప్పింది.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర నాయన అవ్వకు పాఠం చెప్పాడు. “మేడం అడిగితే ఒకటే మాట. మా ఇల్లు ఊర్లో. అంతే. సెప్పు సూద్దాం.”

“మా ఇల్లు ఊర్లో” అంది అవ్వ, మొదటి తరగతి పిల్లలాగా.

చిక్కు ఎక్కడుందంటే, ఆ నెలలో మేము నిజంగానే తోపులో పడుకోవడం లేదు. బడి తెరిచారని మమ్మల్ని ఊళ్ళోకి తెచ్చేశారు. నాయనకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. తోపులో అన్నిటికన్నా చివర్లో దిగే నీలం రకం కాయ ఇంకా చెట్ల మీదే ఉంది. అందుకని అవ్వ ప్రతి రోజూ పొద్దున పోయి పొయ్యి రాజేసేది, నాలుగు జతల పాత చెప్పులు గడప ముందు పెట్టేది, నాయన లుంగీ తడిపి తాడు మీద ఆరేసేది. మాపటికి ఎవరి కంటా పడకుండా ఇంటికి వచ్చేసేది. చూసేవాళ్ళకు కొట్టం నిండా మగవాళ్ళున్నట్టే ఉండేది.

శనివారం మేడం జీపులో వచ్చింది. వెనకాలే మోటారు సైకిల్ మీద గిరిప్రసాద్ సారు వచ్చాడు. లెక్కలో ఉన్న చోటు ముందు చూసి, ఆ తర్వాత ఊళ్ళో ఇల్లు చూస్తామన్నారు. నాయన, అవ్వ, నేను, హేమ తోపు దగ్గర ఎదురు చూస్తున్నాం. సరిగ్గా అప్పుడే పక్క తోపులో కాయ కోస్తున్న ఎక్కడెక్కడి మనుషులో నీళ్ళు తాగడానికి మా బోరు దగ్గరికి వచ్చారు. మేడమును చూసి, ఏం జరుగుతోందో విందామని అక్కడే నిలబడిపోయారు.

మేడం పొయ్యిలో వేడి బూడిద చూసింది. చెప్పులు చూసింది. లుంగీ చూసింది.

“ఏమప్పా, ఇంత సంసారం ఈడ పెట్టుకోని ఊర్లో ఉంటామని అర్జీ ఇచ్చినావు?”

“కార్డులో అడ్రసు ఊర్లోదే మేడం” అన్నాడు నాయన.

“కార్డు ఒక సోట, మనుషులు ఒక సోట ఉండేవాళ్ళు మండలమంతా ఉండారు. పిల్ల యాడ నిద్రపోతాదో ఆడి బడే.” మేడం అవ్వ వైపు తిరిగింది. “పెద్దమ్మా, నువ్వు సెప్పు. రాత్రిపూట యాడ ఉంటారు మీరు?”

అవ్వ నోరు తెరిచింది. ఆమె చూపు మేడం భుజం మీదుగా బోరు దగ్గరున్న మనుషుల మీదికి పోయింది. అందులో ఒకడు నీలం చెట్ల వైపు తల పైకెత్తి చూస్తున్నాడు.

“ఈడే ఉంటాము” అంది అవ్వ గట్టిగా. “రేయీ పగులూ ఈడే. నా కొడుకులు ముగ్గురూ కర్రలు ఎత్తుకోని ఈడే తిరగతా ఉంటారు.”

నాయన తల పట్టుకున్నాడు. “అమ్మా!”

“నువ్వుండరా” అని కసిరింది అవ్వ.

మేడం పెన్ను తీసింది. గిరిప్రసాద్ సారు నేల చూపులు చూస్తున్నాడు. ఆయనకూ ఇష్టమో కష్టమో తెలియని ముఖం. ఒక పిల్ల పోతే ఆయన బడిలో పిల్లల లెక్క ఇంకా తగ్గుతుంది.

చెప్పాల్సింది నేనే అని నాకు తెలుసు. అంతమంది ముందు మా అవ్వది అబద్ధమని ఎలా చెప్పడం? పక్కన హేమ ఎవరి పెదాలూ సరిగా అందక నా మొహం చూస్తోంది. నేను చేతులు కిందికి దించి సైగ చేశాను. అవ్వ దొంగల భయంతో అలా చెబుతోంది. రాత్రి మనం ఊళ్ళో ఉంటాం. మేడం దగ్గరికి పోయి చెవిలో చెప్పు.

హేమ తల ఊపింది. మేడం దగ్గరికి పోయింది. కొంగు పట్టి లాగింది. మేడం వంగింది. హేమ ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, రహస్యం చెప్పేవాళ్ళు పెట్టినట్టే చెయ్యి అడ్డం పెట్టుకుని, హైవే మీది లారీవాళ్ళకు కూడా వినబడేలా అరిచింది.

“దొంగలొస్తారని అవ్వ అబద్దం సెప్తాంది మేడం! రాత్రి ఈడ ఎవురూ ఉండరు! మేము ఊర్లో పండుకుంటాము! ఈడ నాయన లుంగీ ఒకటే ఉంటాది!”

మేడం చెవి పట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. బోరు దగ్గర ఒకాయన తాగుతున్న నీళ్ళు ముక్కులోకి పోయాయి. గిరిప్రసాద్ సారు నవ్వు ఆపుకోలేక మోటారు సైకిల్ అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

“మరి కొడుకులు?” అని అడిగింది మేడం, కళ్ళు తుడుచుకుని లెక్క కాగితం చూస్తూ. “రాముడు, భీముడు?”

అవ్వ ఇక దాచలేకపోయింది. “ఎద్దులు” అంది.

“ఎద్దులకు ముప్పై ఏండ్లని రాసుండాదే?”

“మనుషులకైతే అంతుంటాది గదా అని ఏసినాను.”

గిరిప్రసాద్ సారే ముందుకొచ్చాడు. “తప్పు నాదే మేడం. తోపుల్లో కాపలా ఉండే కాలంలో పోయి అడిగితే ఎవురైనా ఇట్లే సెప్తారు. నేను ఊర్లోకి పోయి ఇంగోసారి అడిగుండాల.” ఆయన హేమ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పెదాలు బాగా కదిలిస్తూ, “నా బడికి వస్తే నాకు సంతోషమే పాపా. కానీ నీకు ఆడ సెప్పేదానికి నాకు సేతకాదు” అన్నాడు.

హేమ ఆయన భుజం తట్టింది. “పర్వాలేదు సార్!” అని మళ్ళీ తోపంతా వినబడేలా చెప్పింది.

మేడం ఊళ్ళోకి వచ్చి మా ఇల్లు చూసి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, హద్దు మార్చి రాసుకుని పోయింది. హేమకు పెద్దమిట్ట బడి ఖాయమైంది. రాముడూ భీముడూ లెక్కలోంచి పోయారు.

జీపు మలుపు తిరిగింది. అవ్వ నా వైపు తిరిగింది. “ఏం మే రాజశ్రీ, నోట్లో నాలిక లేని పిల్లవనుకుంటి గదే. సేతులతో కొంప ముంచినావు. ఆ బోరుకాడ ఉండేవాళ్ళంతా ఇన్నారు. ఇంగ నీలం కాయ మనకు దక్కుతాదా?”

ఆమె మాటలో నిజముంది. తోపులో రాత్రిపూట లుంగీ తప్ప ఎవరూ లేరన్న వార్త సందకాడికల్లా నాలుగు ఊళ్ళకు పాకింది. చేసేదేముంది? ఆ సాయంత్రమే పరుపులు, చెంబులు, దోమతెర అన్నీ నాయన బండి మీద కట్టుకుని మళ్ళీ కొట్టానికి పోయాం. నాయన ఫ్యాక్టరీలో పగటి డ్యూటీ అడిగి మార్చుకున్నాడు. ఇప్పుడు లెక్కలో మేము ఊళ్ళో ఉన్నాం, నిజంగా ఉండేది హైవే అవతల. ఈ మాట ఎవరూ బయట అనకూడదని అవ్వ మా అందరి చేతా ఒట్టు వేయించుకుంది. హేమ చేత రెండు సార్లు వేయించుకుంది.

సోమవారం పొద్దున హేమను నేనే తీసుకుపోయాను. కొట్టం నుంచి పెద్దమిట్ట చాలా దూరం. హైవే కింది దోవలో నీళ్ళు నిలిచి, ఇద్దరం మోకాళ్ళ దాకా బురదతో బడి చేరాం. కృపారాణి టీచర్ మా కాళ్ళు చూసి, కుళాయి వైపు చెయ్యి చూపించింది. హేమను ఏడుగురు పిల్లల మధ్య గుండ్రంగా కూర్చోబెట్టి, నిన్నా మొన్నా ఏం జరిగిందో చెప్పమని సైగ చేసింది.

హేమ లేచి నిలబడింది. ముందు ఒక అవ్వను చూపించింది, నడుము వంచి, చూపుడు వేలితో అందర్నీ బెదిరిస్తూ. తర్వాత రెండు ఎద్దులు వచ్చాయి. మేడం వచ్చింది. లుంగీ గాలికి ఊగింది. పిల్లలు ముందుకు జరిగారు. ఒక పాప కిలకిలా నవ్వింది. మా చెల్లెలు ఇంత పొడుగు కథ చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. పాత బడిలో ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగినవాళ్ళే లేరు.

నా బడికి గంట కొట్టే వేళయింది. అయినా కిటికీ దగ్గరి నుంచి కాళ్ళు కదల్లేదు.

ఇంతలో హేమ కథలోకి దొంగలు వచ్చేశారు. ముగ్గురు, మూటలతో. దొంగలు ఎక్కడొచ్చారే అని నేను కిటికీలోంచి చెయ్యెత్తాను. కృపారాణి టీచర్ నా వైపు తిరిగి, ఉండు అని సైగ చేసింది. ఎద్దులు రెండూ అప్పటికే కర్రలు అందుకున్నాయి.