ఈకలు వచ్చేదాకా

అతను కొట్లో కొన్న గుడ్డు మీది నీలం ముద్రను తడిగుడ్డతో రుద్దుతున్నాడు. సగం పోయింది, సగం మొండికేసింది. పెరట్లో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఇంతకన్నా పోదులే అనుకుని గుడ్డును చంకలో పెట్టుకున్నాడు. కోళ్ల గూటి పక్కన పీట మీద కూర్చుని కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. అది రోజూ చేసే ప్రార్థనే. కాకపోతే ఈ మూడు వారాలుగా ప్రార్థన ముగిసేసరికి గుడ్డు కూడా వెచ్చబడుతోంది. ధ్యానాన్ని అబద్ధానికి వాడుకుంటున్నానా అన్న సందేహం అతనికి రాకపోలేదు. ఆ సంగతి దేవుడికి విడిగా చెప్పుకున్నాడు కూడా.

గూట్లో నాలుగు పెట్టలు. ఎవరో దిండు చించి దులిపినట్టు నేలంతా ఈకలు. మచ్చల పెట్టకు మెడ బోడి, నల్లదానికి తోక లేదు. మిగతా రెండూ వాననీళ్లలో తడిసి ఎండిన పాత చీపుళ్లలా ఉన్నాయి. రాలినచోట కొత్త ఈకలు సన్నని పుల్లల్లా చర్మంలోంచి పొడుచుకొస్తున్నాయి. పగళ్లు పొట్టివవుతుండగా ఇది మొదలైంది. ఆ కొద్దిరోజులకే గుడ్లు ఆగిపోయాయి. తిన్నదంతా కొత్త ఈకలకే పోతుందనీ, ఒకటి రెండు నెలలు గుడ్డు ఊసెత్తవద్దనీ మేత అమ్మే ఆవిడ చెప్పేదాకా అతనికి తెలియదు. కోళ్ల సంగతి అతనికేం తెలుసు? కోళ్లు అక్కవి. అతనివి బొత్తాలు.

అక్కకు ఎనభై దాటాయి. చూపు పోయి నాలుగేళ్లయింది. పొద్దున ఒక గుడ్డు, ఆ తర్వాత రోజంతా కలిపి నాలుగు ముద్దలు, అంతే ఆమె తిండి. ఆ గుడ్డయినా తన కోళ్లు పెట్టిందే కావాలి. కొన్న గుడ్డు నోట పెట్టనని ఎప్పుడో అంది, అన్నమాట మీద నిలబడే మనిషి. కోళ్లు గుడ్లు మానేశాయని తెలిస్తే ఆ ఒక్క గుడ్డూ మానేస్తుంది. అందుకే ఈ చంకలో పొదుగుడు.

గుడ్డును గడ్డి పరిచిన గంపలో చెక్కగుడ్డు పక్కన పెట్టాడు. ఆ చెక్కగుడ్డు ఒకప్పుడు మేజోళ్ల చిరుగులు కుట్టేటప్పుడు లోపల పెట్టుకోవడానికి అక్క వాడినది. ఇక్కడే గుడ్డు పెట్టాలని కోళ్లకు గుర్తుగా ఇప్పుడు గంపలో ఉంటోంది.

అక్క గోడ పట్టుకుని వచ్చింది. ఇంట్లో ఆమెకు మిగిలిన పని ఇదొక్కటే. వంగి గడ్డిలో తడిమి, చెక్కగుడ్డును వదిలి, అసలుదాన్ని తీసి చెంపకు ఆనించుకుంది.

"ఏది పెట్టిందిరా?"

"మచ్చలది అక్కా."

"దాని కడుపు చల్లగుండ. సరే, నువ్వు పనికి పో. నేనే ఉడకేసుకుంటా."

ఈమధ్య పొయ్యి దగ్గరికి అతన్ని రానివ్వడం లేదు.

వీధి మలుపులో మాంసం కొట్టతను కత్తి నూరుతున్నాడు.

"ఏం బొత్తాలన్నా, నీ కోళ్లు స్నానానికి బట్టలిప్పాయటగా?"

"కొత్తవి కుట్టించుకుంటున్నాయి. కొలతలిచ్చాయి."

"ముసలి కోళ్లకి కొత్త బట్టలెందుకన్నా? నాకిచ్చెయ్. సగం ఈకలు అవే పీక్కున్నాయి, నాకూ పని తక్కువ."

"ఈకలు వచ్చేదాకా ఆగు."

"వచ్చాక ఇస్తావా?"

"వచ్చాక అసలివ్వను," అని నడిచాడు. వెనక నుంచి నవ్వు వినిపించింది గానీ తిరిగి చూడలేదు.

చొక్కాల కార్ఖానాలో కిటికీ పక్కన చివరి బల్ల అతనిది. అందరి బొత్తాలూ మిషను కుడుతుంది. మిషను కుట్టలేని మందపు గుడ్డలూ, ఖరీదైన చొక్కాలూ అతని దగ్గరికి వస్తాయి. నాలుగు రంధ్రాల్లోంచి నాలుగుసార్లు దారం తీసి, బొత్తానికీ గుడ్డకీ మధ్య మూడు చుట్లు చుట్టి ముడి వేస్తాడు. ఆ మూడు చుట్లూ అక్క నేర్పినవే. అమ్మా నాన్నా పోయిననాటికి ఆమెకు పద్దెనిమిది, అతనికి ఆరు. ఊళ్లోవాళ్ల మేజోళ్లూ స్వెట్టర్లూ బాగుచేసి అతన్ని సాకింది. తర్వాత పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ముందు వాడికి కానివ్వండని ఆమె, ముందు అక్కకు కానివ్వండని అతను చెప్పుకుని, చివరికి ఇద్దరూ తప్పించుకున్నారు. చొక్కా తొడుక్కున్నవాడెవడూ బొత్తాం కుట్టినవాణ్ణి తలుచుకోడు. ఊడితేనే తలుచుకుంటాడు. తనను ఎవరూ తలుచుకోకపోవడమే అతనికి పనిలో దక్కిన మెప్పు.

ఆరోజు సూది నడుస్తున్నంతసేపూ కోళ్లే మనసులో మెదిలాయి. దేవుడు పక్షికి ఏటా కొత్త బట్టలు ఇస్తాడు, బాగానే ఉంది. సరిగ్గా చలి మొదలయ్యేముందే పాతవి విప్పించడం ఎందుకు? తనైతే కొత్త చొక్కా తయారయ్యాకే పాతది విడవమనేవాడు. ఆయన లెక్క ఆయనకుంటుందిలే అని సరిపెట్టుకుని దారం కొరికాడు.

సాయంత్రం ఇంటికి రాగానే మేత వెయ్యబోయి తొట్టిలో చెయ్యి పెట్టాడు. రోజూ ఈపాటికి ఖాళీ అయ్యేది, ఈరోజు అడుగున కాస్త మిగిలింది. నూకల మధ్య ఉడికిన గుడ్డు పచ్చసొన పొడి, మెత్తగా నలిపిన పెంకు. ఒక పెంకు ముక్క మీద నీలం రంగు మరక. పొద్దున పోకుండా మొండికేసిన సగం ముద్ర.

అక్క పెరటి గుమ్మం దగ్గర కుర్చీలో శాలువా కప్పుకుని ఉంది. అతను పెంకు ముక్క చేతిలో పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు.

"తొట్టి చూశావా?" అంది ఆమె.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటిరోజు నుంచి."

"వెచ్చగానే పెట్టానే."

"వెచ్చగానే ఉంది. సబ్బు వాసనొచ్చింది. మన కోడి చొక్కా ఎప్పుడు తొడుక్కుందా అనుకున్నా." పళ్లులేని నోటితో నవ్వింది. "అయినా కోడి గుడ్డు పెడితే వీధంతా వినపడేలా అరుస్తుంది కదరా. మూడు వారాల్నుంచి చప్పుడు లేకుండా పెట్టే కోడి ఎక్కడిది? గుడ్డు పెట్టావు సరే, అరవడం మర్చిపోయావు."

"ముద్ర కూడా చెరిపాను," అన్నాడు అతను.

"ఎవరికి కనపడుతుందని?"

అతను మెట్టు మీద కూలబడ్డాడు.

"నువ్వు తినాలని కదా తెచ్చింది. వాటికి వేశావేంటి?"

"నాకు నెలరోజులుగా గుడ్డు మింగుడు పడట్లేదురా. చెప్తే డాక్టరు దగ్గరికి ఈడుస్తావని చెప్పలేదు. వాటికైతే ఈక మొలవాలంటే ఒంట్లో సత్తువుండాలి. ఉత్త నూకలు సరిపోవు. నువ్వు తెచ్చావు, నేను వేశా. వేస్టేం కాలేదు."

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"చూద్దాంలే. ముందు ఆ మచ్చలదాన్ని చూసి చెప్పు. ముట్టుకోకు, కొత్త ఈకల్లో రక్తముంటుంది, నొప్పి. నెత్తిమీద తురాయి ఎలా ఉంది?"

అతను గూటి దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. మొన్నటిదాకా పాలిపోయి వాడిన ఆకులా ఉన్న తురాయి మొదలు దగ్గర ఎరుపు తిరిగింది.

"కిందంతా ఎర్రబడింది అక్కా."

"అయితే గుడ్డొస్తుంది. ఇంకో పది, పదిహేను రోజులు." శాలువా సర్దుకుంది. "ఈలోగా కొట్టతను మళ్లీ అడుగుతాడు. మెత్తబడకు. నేనున్నా లేకపోయినా గుడ్డు వెయ్యడం మానకు."

"నేనెక్కడ మెత్తబడ్డాను?"

"అందుకే చెప్తున్నా. వేణ్ణీళ్లు కాస్త పట్రా."

నీళ్లు కాగేసరికి కోళ్లు కర్ర ఎక్కి సర్దుకున్నాయి. గ్లాసు తెచ్చి "అక్కా" అన్నాడు. ఆమె తల గోడకు ఆనించి ఉంది. కోళ్ల చప్పుడు వింటున్నట్టే ముఖం అటు తిరిగి ఉంది. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలవలేదు. గ్లాసు మెట్టు మీద పెట్టి, ఆమె పాదాల దగ్గర కూర్చున్నాడు. నీళ్లు చల్లారాయి.

పలకరించడానికి వచ్చినవాళ్లలో మాంసం కొట్టతనూ ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ గూటివైపు చూసి, "ఇక నువ్వొక్కడివే ఏం చూసుకుంటావన్నా," అన్నాడు, ఈసారి నవ్వకుండా.

"కోళ్లకి మేత తేవడానికి వెళ్తున్నా. తలుపు దగ్గరికేసి వెళ్లు," అన్నాడు అతను.

రోజూ తెల్లవారగానే ప్రార్థన చేసుకుని ఒక గుడ్డు ఉడకబెట్టి, పెంకుతో సహా నలిపి తొట్టిలో వేస్తూ వచ్చాడు. ముద్ర చెరపడం మానేశాడు. పెంకుల మీద నీలం అక్షరాలు ముక్కలు ముక్కలుగా కోళ్ల పొట్టల్లోకి పోయాయి. మచ్చలదాని మెడ నిండింది. నల్లదానికి వేలెడు తోక వచ్చింది.

అక్క పోయిన పదిహేడో రోజు పొద్దున అతను పనికి బయల్దేరుతూ తన చొక్కా బొత్తాం పెట్టుకుంటున్నాడు. పెరట్లో మచ్చల పెట్ట అరిచింది. ఒకసారి కాదు, వీధంతా వినపడేలా, ఆగకుండా. బొత్తాం సగంలో వదిలి, చెప్పులు కూడా లేకుండా వెళ్లాడు. గంప ముందు కూర్చున్నాడు. ఎందుకో కళ్లు మూసుకుని, అక్క తడిమినట్టే గడ్డిలో తడిమాడు. గుడ్డు తీసి చెంపకు ఆనించుకున్నాడు. సబ్బు వాసన లేదు.

గడ్డిలో చెక్కగుడ్డు మిగిలింది. దాని ఒంటినిండా ఏళ్లనాటి సూది గాట్లు, ఒక పక్క మాత్రం ఇంకా వెచ్చగా ఉంది.